వేరుతో సహా

నేను ఒక చెక్క చట్రాన్ని. రెండు జాలీ పలకలు, రెండు తోలు పట్టీలు, మధ్యలో పాత పేపర్లు. ఇంతే నా ఒళ్లు. నంద్యాలలో నన్ను చేసిన వడ్రంగి "అప్పడాలు ఆరబెట్టడానికా మేడమ్?" అని అడిగాడు. అడవి మొక్కల్ని అదిమి ఆరబెట్టడానికని హైమవతి మేడమ్ చెబితే, పాపం, పైకి నవ్వలేక తల గోక్కున్నాడు.

మేడమ్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నల్లమల అభయారణ్యంలో ఏయే మొక్కలున్నాయో చూసి జాబితా రాసే పని అటవీ శాఖ ఆవిడకి అప్పగించింది. దారి చూపేవాడు చెంచు ఈదన్న. గడ్డలు తవ్వినప్పుడు, ఎంత ఆకలిగా ఉన్నా సరే, మళ్లీ మొలిచేలా గడ్డ తలకాయ కోసి తీగతో సహా గుంటలో పెట్టి, మన్ను కప్పిగానీ లేచేవాడు కాదు. మేడమ్ పద్ధతి వేరు. వేరూ ఆకూ పువ్వూ అన్నీ ఉంటేనే సాక్ష్యం. లేదంటే జాబితాలో చోటు లేదు.

మూడో ఏడు వానల్లో, కొండచరియ మీద, రాతి సందులో జానెడు మొక్క కనిపించింది. ఊదా రంగు పువ్వు. ఆ అడవిలో అది ఉందని అంతవరకూ ఎవరూ రాయలేదు. మేడమ్ సంచిలోంచి చిన్న పార తీశారు.

"ఒక్కటే ఉండాదమ్మా. ఇడిసిపెట్టు," అన్నాడు ఈదన్న.

"పైన ఇంకా ఉంటాయిలే ఈదన్నా. ఇది చూపించకపోతే నా మాట ఎవరు నమ్ముతారు?"

"పోనీ, గడ్డ తలకాయన్నా పెట్టమ్మా."

"ముక్క చేస్తే పనికిరాదు."

గడ్డతో సహా పెకలించి, నా మధ్య పరిచి, పట్టీలు బిగించారు. నేను నా పని చేశాను. బాగా చేశాను, అదే నా బాధ. ఒక్క రేకు కూడా మడతపడలేదు.

పైన ఇంకొకటి లేదు. మరుసటి ఏడూ లేదు. ఏడు వానాకాలాలు మేడమ్ నన్ను ఖాళీగా మోసుకుని ఆ చరియ ఎక్కారు. ఆఖరిసారి ఆ రాతి సందు దగ్గర కూలబడి, "ఆ రోజు నీ మాట వినాల్సింది ఈదన్నా," అన్నారు. ఈదన్న ఖాళీ గుంటలోకి ఇంత మన్ను తోసి, పైన చేత్తో తట్టి లేచాడు.

ఇప్పుడు కాలేజీ మ్యూజియంలో, గాజు బీరువాలో ఉన్నాను. అట్టకు కుట్టిన ఆ మొక్క నా పక్కనే ఉంది. "అబ్బ, ఎంత చక్కగా ఆరబెట్టారో!" అంటారు చూసినవాళ్లు. జాబితా ఎప్పుడో అచ్చయింది. ఆ మొక్క ఈ అడవిలో ఉందని అందులో రాశారు. ఆ పేరు కొట్టేయమని మేడమ్ అటవీ శాఖకి రెండుసార్లు ఉత్తరం పెట్టారు. అంత చక్కని సాక్ష్యం ఉండగా ఎలా కొట్టేస్తామని జవాబొచ్చింది.