అరువిచ్చిన శవపెట్టె

సెయింట్ జాన్ పండగ నాడు పొద్దున్నే వల్దివీనో కన్నుమూశాడు. వీధి మొగలో అప్పటికే మంటల మీద మొక్కజొన్న పొత్తులు కాలుతున్నాయి, ఎవరింట్లోనో అకార్డియన్ మోగుతోంది. చావుకి ఇంతకంటే దిక్కుమాలిన రోజు దొరకదు. మునిసిపాలిటీకి తాళం, దుకాణాలకి తాళం. ఊరు మొత్తానికి తెరిచి ఉన్నది 'ఆఖరి నీడ' కంపెనీ ఒక్కటే. చావుల వ్యాపారానికి సెలవులుండవు.

ఇరాసీ కళ్లు తుడుచుకుని ఆ ఆఫీసుకి బయల్దేరింది. ఏడవడానికి తర్వాత టైముంటుంది, ముందు మొగుడికి పెట్టె తేవాలి.

వల్దివీనోకి ప్రపంచంలో ఒకటే భయం, గుడ్డ ఉయ్యాలలో మట్టిలోకి పోవడం. కరువు ఏడాది వాళ్ల నాన్నని అలాగే మోశారు. రోజూ పడుకునే ఉయ్యాలనే వాసానికి కట్టి, ఎండలో కొండదారిన శ్మశానం దాకా మోసుకెళ్లారు. మట్టి పోస్తుంటే గుడ్డ కింద తండ్రి ముక్కు, మోకాళ్లు తెలుస్తూనే ఉన్నాయట. తాగినప్పుడల్లా ఆ సంగతి చెప్పేవాడు, తాగనప్పుడు ఆ ఊసే ఎత్తనిచ్చేవాడు కాదు. అందుకే కంపెనీ ఏజెంటు ఎదీవాన్ గుమ్మంలోకి వచ్చి, నెలనెలా కడితే చాలు, పెట్టె, పూలు, బండి అన్నీ మేమే చూసుకుంటాం అనగానే సంతకం పెట్టేశాడు. ఇంట్లో మాంసం వండని నెలలున్నాయి గానీ ఆ వాయిదా కట్టని నెల లేదు.

కౌంటరు వెనక ఉన్న గుమాస్తా కొత్తవాడు. కంప్యూటర్లోకి చూసి పెదవి విరిచాడు.

"మీ ప్లాను మీద పెట్టె ఎప్పుడో ఇచ్చేశామమ్మా. ఎవరో పెద్దావిడకి."

"జులేయిది వాళ్లమ్మకి. అరువిచ్చాం."

"శవపెట్టె అరువిచ్చారా?"

"మా వీధిలో కాఫీ పొడి ఇస్తాం, పరుపు ఇస్తాం. పెట్టె ఎందుకివ్వం? మీ ఎదీవానే దగ్గరుండి ఇప్పించాడు. మీరు వాయిదాలు కడుతూ ఉండండి, కుండలో నీళ్లలాగా మళ్లీ నిండుతుంది అన్నాడు."

"అతను మానేసి వెళ్లిపోయాడు. కంపెనీ కూడా చేతులు మారింది. పాతవాళ్ల మాటలకి మేం పూచీ కాదు."

"మరి మొన్నటి వాయిదా ఎవరు తీసుకున్నారు? పాతవాళ్లా?"

గుమాస్తా మళ్లీ కంప్యూటర్లోకి చూశాడు. "అది సిస్టమ్ తీసుకుందమ్మా."

"అయితే మీ సిస్టమ్ వచ్చి పూడుస్తుందా నా మొగుణ్ణి?"

అతని వెనక గోడ పొడుగునా వార్నీషు పూసిన పెట్టెలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. రొక్కమిస్తే ఇప్పుడే ఇస్తామన్నాడు. అతను చెప్పిన ధర వీధి వీధంతా జేబులు దులిపినా రాదు. ఇరాసీ బతిమాలింది, తిట్టింది, మళ్లీ బతిమాలింది. చివరికి వట్టి చేతులతో బయటికొచ్చింది.

దారిలో జులేయిది వాళ్లమ్మ పోయిన రోజు గుర్తొచ్చింది. జులేయిది కొడుక్కి జ్ఞానస్నానపు తల్లి ఇరాసీయే. అప్పట్నుంచి ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటారు. చేతిలో చిల్లిగవ్వ లేక జులేయిది గుమ్మంలో కూలబడితే, ఇరాసీ మొగుడి వంక చూసింది. ఆ పెట్టె విలువ అతనికి తెలిసినట్టు ఎవరికి తెలుసు?

"ఇచ్చెయ్యవే," అన్నాడు వల్దివీనో. "నాకిప్పుడేం తొందర? తిరిగిచ్చేటప్పుడు మాత్రం తొందరపడొద్దని చెప్పు."

ఎంత మంచివాడో! అలాంటివాణ్ణే దేవుడు ఇలా చేశాడని తిట్టుకుంటూ ఇరాసీ ఇల్లు చేరింది.

ఇంటి దగ్గర మగవాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. కంపెనీ వచ్చాక ఊరి వడ్రంగి పెట్టెలు చెయ్యడం మానేశాడు, అతని దగ్గర ఒక్క పలక కూడా లేదు. ఎండ ముదురుతోంది. సాయంత్రం దాకా ఆగడం కష్టమని అందరికీ తెలుసు. జులేయిది వచ్చి ఇరాసీ కాళ్లు పట్టుకుంది.

"కొమాద్రే, మా అమ్మని తవ్వి తీసైనా నీ పెట్టె నీకిచ్చేస్తాను."

"నోర్ముయ్యి. ఆవిడ నీకేం చేసిందే పాపం?" అంది ఇరాసీ. తర్వాత మగవాళ్ల వైపు తిరిగి, "వాసం తీసుకురండి," అంది.

అతని ఉయ్యాలలోనే మోసుకెళ్లారు. దారి పొడుగునా బాణాసంచా పేలుతూనే ఉంది. గోతిలోకి చూడొద్దని ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు గానీ ఇరాసీ వినలేదు. మొదటి పార మట్టి పడగానే గుడ్డ కింద మోకాళ్లు తేలాయి.

పండగ వెళ్లాక బస్సెక్కి పట్నంలో వినియోగదారుల ఆఫీసుకి వెళ్లింది. థాయిస్ అనే లాయరమ్మ ఓపిగ్గా అంతా విని, బల్ల మీద చెయ్యి కొట్టి మరీ చెప్పింది.

"వాళ్ల ఏజెంటు నోటిమాటకి కంపెనీదే పూచీ. ఓనరు మారినంత మాత్రాన మీ ఒప్పందం చెల్లకుండా పోదు. పెట్టె లేదని చెప్పకుండా వాయిదాలు గుంజడం అసలే కుదరదు. ఈ కేసు మీదేనండీ."

"ఎప్పటికి తేలుతుంది?"

"మళ్లీ వానలు పడేసరికి."

"ఆ రోజు పొద్దున ఎక్కడున్నారమ్మా మీరు?" ఇరాసీ నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అడిగింది.

థాయిస్ తల దించుకుంది. "పండగ కదండీ. ఆఫీసు మూసేశాం."

చెప్పినట్టే ఇరాసీ గెలిచింది. కట్టిన డబ్బు కావాలా, పెట్టె కావాలా అని అడిగితే, పెట్టే కావాలి, అదీ ఇప్పుడే, ఇంటికి తెచ్చివ్వాలి అంది. పట్టుబట్టి సాధించింది. బండి గుమ్మం ముందు ఆగితే వీధి వీధంతా బయటికొచ్చింది. అదే గుమాస్తా సంతకం తీసుకుంటూ ఇకిలించాడు.

"ఇంక మీకు బెంగ లేదమ్మా. మీ చోటు ఖాయం."

ఇరాసీ సంతకం పెట్టి కాగితం అతని చేతిలో పెట్టింది. వల్దివీనో ఉయ్యాల వేలాడిన కొక్కేల కింద పెట్టె దింపించుకుంది. జులేయిది వచ్చి భయంభయంగా మూత తడిమింది.

"బాగుంది కొమాద్రే. నీకు సరిగ్గా సరిపోతుంది."

"నాకెందుకే? గొయ్యి మా ఇద్దరికీ ఒకటే. నేను పోయినప్పుడు అది తెరుస్తారు. అప్పటికి ఆయన ఎముకలే మిగులుతాయి. ఒక్కటి కూడా వదలకుండా ఏరించి, కడిగించి, ఇందులో పెట్టించు. మూత వేయించు, మేకులు గట్టిగా కొట్టించు."

"మరి నువ్వో?"

"నాకు నా ఉయ్యాలుంది. నాకు భయం లేదు. నువ్వు తీర్చాల్సిన బాకీ ఇదే, అర్థమైందా?"

జులేయిది తలూపింది. అంతలోనే, "మరి నేనే ముందు పోతే?" అంది.

"చంపుతా," అంది ఇరాసీ.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఇరాసీ పెట్టె మీద తల పెట్టి, పండగ నాడు ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.