ఐవీ తీగలో సందు

మెట్టుగూడలో షిరీన్ ఇంటి వెనక గోడకు ఎండ తగలదు. పక్కన మూడంతస్తుల భవనం ఉంది. అక్కడ మల్లె బతకలేదు, గులాబీ బతకలేదు. ఐవీ తీగ బతికింది. గోడ ఎక్కి ఆవలివైపు కామేశ్వరమ్మ పెరట్లోకి వేలాడింది. ఈ వేసవిలో దాని ఆకుల వెనక పికిలిపిట్టలు గూడు కట్టాయి.

ఆదివారం పొద్దున కామేశ్వరమ్మ గోడ మీదుగా పిలిచింది.

"అమ్మాయ్ షిరీనూ, నీ తీగలో పాముందే! ఆకులు కదలడం నా కళ్లతో చూశాను. రేపు సున్నం వెయ్యడానికి సామ్యూల్ వస్తున్నాడు. తీగంతా పీకించేస్తాను."

"పాము గాదు ఆంటీ, పిట్టలు. పిల్లలు సుత ఉన్నయి. జెర ఆగుండ్రి, చూపిస్త."

షిరీన్ కత్తెర తెచ్చి గూటి ముందున్న ఆకులు కత్తిరించింది. కామేశ్వరమ్మ స్టూలెక్కి తొంగి చూసింది. మూడు నోళ్లు తెరుచుకున్నాయి.

"అయ్యో, వీటికింకా ఈకలే రాలేదు. ఎగిరేదాకా ఉండనీలే. సామ్యూల్‌కి నేను చెప్తాను."

షిరీన్ కత్తెర లోపల పెట్టి వచ్చేసరికి గోడ మీద కాకి ఉంది. ఆకులు కత్తిరించిన సందులోకి చూస్తోంది. చీపురు ఎత్తితే కరెంటు వైరు మీదికి మారింది. తల్లి పికిలి నోట్లో పురుగుతో పైన తిరుగుతోంది. షిరీన్ అక్కడ నిలబడితే తల్లి దిగదు. లోపలికి పోతే కాకి దిగుతుంది.

"ఆంటీ! పరేషానయితుంది. మీకు చూపించబోయి కాకికి సుత చూపించిన."

"కోసిన ఆకులు పెట్టి చూడు."

"వాడిపోతయి. రాలిపోతయి."

కామేశ్వరమ్మ పూలు కట్టే అరటినార తడిపి తెచ్చింది. తనవైపు వేలాడే తీగను గోడ నుంచి లాగింది. దాంతోపాటు సున్నం పెచ్చులు ఊడాయి.

"నా గోడ!" అంది. లాగడం ఆపలేదు.

షిరీన్ ఆ తీగను గూటి మీదికి దించి పట్టుకుంది. కామేశ్వరమ్మ స్టూలు మీంచి వంగి, మాల కట్టినట్టు ముడి మీద ముడి వేసింది. చేతి నీడ పడగానే పిల్లలు మళ్లీ నోళ్లు తెరిచాయి.

"నేను మీ అమ్మను కాను. ముయ్యండర్రా."

ఇద్దరూ ఎవరింట్లోకి వాళ్లు వెళ్లి తలుపులు వేసుకున్నారు. షిరీన్ వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. ఫోన్ మోగింది.

"తల్లి వచ్చిందా?"

"రాలే ఆంటీ. కాకి దిగుతుంది."

కాకి గోడ మీద గెంతింది. ఆకుల మీద ముక్కుతో పొడిచింది. ఆగింది. తిరిగి వైరెక్కింది. అప్పుడు తల్లి పికిలి కిందివైపు నుంచి ఆకుల్లోకి దూరింది.

"ఆకులు కదిలాయే," అంది కామేశ్వరమ్మ ఫోన్‌లో. "పామనుకోనా?"

"గట్లనే అనుకోండ్రి. కాకి సుత గట్లనే అనుకుంటే బాగుండు."

కాకి వైరు మీదే ఉంది. షిరీన్ కిటికీ వదల్లేదు.