మోదుగ రంగు తెర

నేను తీసిన ఫొటోలు తిరిగి వచ్చాయి. తప్పు నాదే.

అది రెండు వేల ఆరు మార్చి. ఉపాధి పథకం కొత్తగా వచ్చిన రోజులు. జాబ్ కార్డు కోసం కుటుంబమంతా ఒకే ఫొటోలో ఉండాలి. అడవి అంచు తండా నుంచి ముసలివాళ్లూ బాలింతలూ పెనుబల్లిలోని నా స్టూడియో దాకా రాలేరు కనుక నేనే కెమెరాతో వెళ్లాను. గుడిసెల ముందు నిలబెట్టి తీశాను. తడికలు, మేకలు, ఆరేసిన బట్టలు: వాటిలో మనుషుల ముఖాలు కలిసిపోయాయి. శుక్రవారంలోగా సరైనవి ఇవ్వకపోతే ఆ ఇరవై ఇళ్లకు మొదటి విడత పని దక్కదని మండలాఫీసు గుమస్తా చెప్పాడు.

స్టూడియో గోడను మోసుకుపోలేను. గోడ చేసే పనిని మాత్రం మోసుకుపోవచ్చు. రెండు తెల్ల దుప్పట్లను కలిపి కుట్టి, పైన వెదురు దూరేంత మడత పెట్టాను. గాలికి ఎగరకుండా కింది మడతలో ఇసుక నింపిన సైకిల్ ట్యూబు. నిలువు వెదుళ్లకు ఆధారంగా రెండు పాత రంగు డబ్బాలు. వాటిలో నింపే రాళ్లు అక్కడే దొరుకుతాయి.

మా అమ్మ పుల్లమ్మ కుట్టుమిషను పక్కన నిలబడి చూసింది. "ఉన్న రెండు మంచి దుప్పట్లు పట్కపోతున్నవ్. రేపు చుట్టాలొస్తే ఫొటోలు కప్పుకుంటరా?"

బుధవారం పొద్దున్నే వెదుళ్లకు తెరను చుట్టి, మోపెడ్‌కు కట్టుకుని తండా చేరాను. ఎవరూ ఎదురు రాలేదు. ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. తండా పెద్ద బిచ్యా తలపాగా తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"ఎవరు పోయిండ్రు, ఏంజెలమ్మా?"

"ఎవరూ పోలేదు పెద్దయ్యా. ఇది ఫొటో తెర."

"తెరనా!" ఆయన వెనక నుంచి వృద్ధురాలు సోమ్లి అందుకుంది. "వెదురు కట్టెలు, తెల్లబట్ట. పాడె గాక ఇంకేంది? నేను పోయినంక ఎట్లాగూ కడ్తరు. ఇప్పుడే దాని ముందల నిలబెడ్తవా?"

మా వాళ్లను పెట్టెలో సాగనంపుతారు. తెలుపు మాకు పెళ్లికూతురి చీర, బాప్తిస్మపు బట్ట. పాడెలు మా వీధిలోంచి పోవడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. కానీ చూడటం వేరు. అందులో తన చావును చూడటం వేరు. అంత శ్రద్ధగా కుట్టిన నా చేతులకు ఆ తేడా తెలియలేదు.

"రంగు మారిస్తే నిలబడ్తరా, అవ్వా?"

వారంలో హోళీ. సోమ్లి వాకిట్లో పండగ రంగు కోసం చాట నిండా మోదుగ పూలు ఆరుతున్నాయి. వాటినీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత తమ భాషలో కోడలు జమ్లిని పిలిచి, పొయ్యి మీద గంగాళం పెట్టించింది.

"లేతగా ఉండాలె అవ్వా. ముదురైతే గుమస్తా మళ్లీ వద్దంటడు."

"ఫొటో నీది, రంగు నాది. పక్కకు జరుగు."

ట్యూబు తీసేసి, పూలు మరిగించి పటిక వేసిన రంగునీళ్లలో తెరను ముంచారు. అత్తా కోడళ్లు చెరో కొస పట్టి పిండారు. ఎండలో ఆరేసరికి పెసరపప్పు రంగు తేలింది. ఒక మూల మాత్రం మరక నిలిచింది. నేను మనుషుల్ని తెరకు నాలుగడుగుల ముందుకు జరిపి, లెన్సు కన్నును బాగా తెరిచాను; వెనకదంతా మసకబారి మరక కరిగిపోయింది. బిచ్యా వెదుళ్లకు మామిడి మండలు కట్టాడు.

"ఇగ చూడు, పెండ్లి పందిరి లెక్కుంది."

ఆ మాటతో ఇళ్లలోంచి అద్దాల రవికలు, వెండి కడియాలు బయటికి వచ్చాయి. నా తెర నా చేతిలోంచి జారిపోయిందని ఒక క్షణం మనసు చివుక్కుమంది. కెమెరాలోంచి చూశాక ఆ బాధ నిలవలేదు. ప్రతి ముఖమూ విడిగా, స్పష్టంగా, తనదిగా ఉంది.

రీలు సత్తుపల్లిలో కడిగించి, శుక్రవారం ఫొటోలతో ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా ఒక్కొక్కటే తిప్పాడు. తలలు లెక్కపెట్టాడు, ముఖాలు చూశాడు, ముద్ర వేశాడు. ఇరవై ఫొటోలు, ఇరవై ముద్రలు.

సోమ్లి బిచ్యాతో కలిసి ఆటోలో వచ్చి వరండాలో కూర్చుని ఉంది.

"ఏమన్నడు?"

"అన్నీ తీసుకున్నడవ్వా. కార్డులిస్తరు."

"గది సరే. రంగు గురించి ఏమన్నడు?"

"ఏమనలేదు. దాన్ని చూడనే లేదు."

"చూడలేదా! గుడ్డోడా ఏంది?"

చూడకపోవడమే తెరకు దక్కే మెప్పు అని ఆమెకు ఎలా చెప్పను? దాన్ని దాటి అతని కన్ను నేరుగా మనుషుల మీద నిలిచింది. నా జీవితంలో నేను చేసిన ఏ వస్తువూ అంత బాగా పనిచేయలేదు. గర్వం పాపమని మా ఇంట్లో నేర్పారు. ఆ పూట ఆ పాఠం నాకు గుర్తున్నా, పట్టించుకోలేదు.

సోమ్లి అప్పటికే లేచి కొంగు సర్దుకుంది. "పా బిడ్డా. ఆ రంగు ఎవరేసిండ్రో నేనే చెప్త."

బిచ్యా వద్దని సైగ చేశాడు. ఆపమన్నట్టు నా వైపు చూశాడు.

నేను ఆమెకు తలుపు తెరిచి పట్టుకున్నాను.