అక్షింతలు మింగిన తుపాకి

నేను ఒక పొట్టి తుపాకిని. గొట్టం కింది పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే చకచక్‌మని తూటా ఎక్కుతుంది. ఇంటి కాపలాకని వచ్చినవాళ్లకూ, గురి నేర్చుకుంటామని వచ్చినవాళ్లకూ అంగడాయన నన్నే చూపించేవాడు. మనుషులు భయానికీ ఆటకూ ఒకటే వస్తువు కొంటారు.

నన్ను కొన్నది గంగిరెడ్డి. ఊరికి దూరంగా చీనీతోటలో, బత్తాయిచెట్ల నడుమ ఆయన ఇల్లు. దొంగలు మోటరు వైర్లు కోసుకుపోయాక లైసెన్సు తెచ్చుకుని, నన్ను తలుపు వెనక తగిలించాడు. గట్టు అవతలే తమ్ముడు శేషారెడ్డి తోట. కేకేస్తే వచ్చేంత దగ్గర. కానీ పంపకాలనాడు మాట జారి, ఏండ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆయుధపూజనాడు ట్రాక్టరుకూ కొడవళ్లకూ బొట్లు పెట్టి, ఆయన భార్య రామసుబ్బమ్మ నా దగ్గరకొచ్చింది. తూటాలు తీసి, కాల్చిన తూటా బయటపడే నా పక్క సందు తెరిచిపెట్టాడు గంగిరెడ్డి. ఆమె గంధం పూసి, తడి అక్షింతలు గుప్పెడు చల్లింది.

"ఏమే, లోపలికి పడినాయి గదా!"

"పడనీలేప్పా. దేవుని అక్షింతలు యాడ పడినా మంచిదే."

పూజ చేసినదాన్ని ఆ రోజే దులపకూడదని ఆయన ఊరుకున్నాడు. మరునాటికి మరిచిపోయి, అట్లాగే మూసి తూటాలు నింపాడు. నా కడుపులో గంధమూ బియ్యమూ ఎండి రాయిలా బిగిసిపోయాయి.

కొన్నాళ్లకు, పొద్దు గూకేవేళ కరెంటు పోయింది. చీనీచెట్ల మధ్య తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషెవరో నాలుగడుగులు వస్తాడు, ఆగుతాడు, వెనక్కి పోతాడు. గంగిరెడ్డి నన్ను అందుకున్నాడు.

"ఎవుర్రా అది? పలక్కపోతే కాలుస్తా!"

పలుకు లేదు. ఆయన పిడి లాగాడు. సగం దాకా వచ్చి ఆగిపోయాను. తిట్టుకుంటూ మోకాలికి ఆనించి మళ్లీ లాగాడు. నేను కదల్లేదు. ఆలోగా ఆ మనిషి వాకిట్లోకి వచ్చేశాడు.

"అన్నా... నేను, శేషిని."

గంగిరెడ్డి నా గొట్టాన్ని నేలవైపు దించాడు.

"పలికితే నీ సొమ్మేం పోతుందిరా? చంపుకునేవాణ్ణి గదరా!"

"నీతో పలికే అలవాటు తప్పె గదన్నా." శేషారెడ్డి తువ్వాలు తీసి చేతిలో నలిపాడు. "మా పాప పెండ్లి. పెద్దదిక్కుగా నువ్వు నిలబడాల. అడుగుదామని వస్తి, కాళ్లు రాలా."

గంగిరెడ్డి నన్ను నేలమీద పెట్టి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. రామసుబ్బమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "తుపాకితో మర్యాద అయ్యింది గానీ, లోపలికి రా నాయనా."

పెండ్లి బాగా జరిగిందట. ఆ తర్వాత గంగిరెడ్డి నన్ను టౌనులో బాగుచేయించి, తూటాలు వేరే పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు నేను తలుపు వెనక ఉండను. అప్పుడప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే బండిమీద నన్ను టౌనులోని షూటింగ్ క్లబ్బుకు తీసుకుపోతారు. అక్కడ గురిచూసి పగలగొట్టడానికి గాల్లోకి మట్టి బిళ్లలు ఎగరేస్తారు. గంగిరెడ్డి కాలుస్తాడు. బిళ్ల నిమ్మళంగా పోయి గడ్డిలో పడుతుంది.

"ఇంత లావు నేనే తప్పించుకుంటి. ఆ బిళ్ల నీకేం చిక్కుతుందిలే అన్నా!"

నవ్వు ఆపుకోలేక గంగిరెడ్డి మళ్లీ గురి తప్పుతాడు. గురి తప్పితే నవ్వుకునే చోటు కూడా ఒకటుందని నాకు అక్కడే తెలిసింది.