కెమెరాకి వీపు పెట్టిన వార్డెల్ గైథర్

షూటింగ్ పెట్టుకున్న శనివారం ఉదయం రెనీటా స్టబుల్‌ఫీల్డ్ కెమెరా సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్తే, తలుపు తీసిన వార్డెల్ గైథర్ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏమైంది బాబాయ్?”

ఆయన వెనక్కి తిరిగి లోపలికి నడిచాడు. చెప్పింది ఆయన అక్క ఐడెల్లా.

“పై పళ్ళన్నీ పీకించుకున్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో కూడా పెళ్ళికూతురిలా ముసుగేసుకుని తిరుగుతున్నాడు. నేను చూడని నోరా అది? పాలపళ్ళు ఊడినప్పుడు దారం కట్టి లాగింది నేనే.”

“కట్టుడు పళ్ళు వచ్చేదాకా షూటింగూ లేదు, ఏమీ లేదు,” అన్నాడు వార్డెల్ రుమాలు వెనకనుంచి.

రెనీటా సంచి దించకుండానే కాఫీ తాగి తిరిగి వచ్చేసింది.

షికాగో పడమటి వైపు బార్లలో వార్డెల్ మౌత్ ఆర్గాన్ వినని పాతవాళ్ళు తక్కువ. పగలు బస్సుల గ్యారేజీలో ఇంజన్లు విప్పేవాడు, సాయంత్రం బ్లూస్ పాటలు వాయించేవాడు. చాలామంది రికార్డుల్లో ఆయన ఊపిరి ఉంది గానీ అట్టల మీద పేరు లేదు. ఆయన వెనక డ్రమ్స్ వాయించినవాడు రెనీటా తండ్రి హర్షెల్. హర్షెల్ పోయాక, ఆయన వాయిస్తున్న వీడియో కోసం ఇల్లంతా వెతికితే ఎవరిదో పెళ్ళి టేపు ఒక్కటే దొరికింది. అందులోనూ సగం సేపు పెళ్ళి కేకు మాత్రమే కనిపించింది. టీవీ స్టేషన్లో ఇతరులు తీసిన వార్తల్ని కత్తిరించి అతికించడం రెనీటా ఉద్యోగం. ఇంత పని తెలిసి కూడా నాన్నని వీడియో తీసుకోలేకపోయానే అన్న బాధతోనే ఆమె వార్డెల్ మీద చిన్న డాక్యుమెంటరీ మొదలుపెట్టింది.

పళ్ళ సెట్టు వచ్చిన వారం ఆయనే ఫోన్ చేశాడు. ఆదివారం మధ్యాహ్నం బార్‌లో వాయిస్తున్నా, రమ్మన్నాడు. వెళ్ళేసరికి బూడిదరంగు సూటు, టోపీ, కొత్త నవ్వు. హర్షెల్ పోయాక డ్రమ్స్ అందుకున్న పాత స్నేహితుడు పర్విస్ ఆ నవ్వుని వంగి వంగి చూశాడు.

“అబ్బో. రేసు గుర్రాలకి కూడా ఇంత మంచి పళ్ళుండవు. ఎక్కడ కొట్టుకొచ్చావ్?”

“నీకుండే ఆ నాలుగూ లెక్కపెట్టుకో ముందు.”

మొదటి పాట సగం దాకా బాగానే సాగింది. తర్వాత ఆయన గాలిని లోపలికి గట్టిగా లాగగానే పై సెట్టు జారింది. స్వరం ఉండాల్సిన చోట సన్నగా ఈల వచ్చింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ ఈల. ముందు బల్ల దగ్గర ఒకామె నవ్వు ఆపుకోవడానికి గ్లాసు ఎత్తింది. వార్డెల్ పర్విస్‌కి చెయ్యి ఊపి, పాట మిగతా వాద్యగాళ్ళకి అప్పగించి, వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

రెనీటా వెనకే వెళ్ళింది. కెమెరా ఆపాలన్న ఆలోచన ఆమెకి రాలేదు. చెత్తడబ్బాల పక్కన గోడకి ఆనుకుని, సెట్టు చేతిలో పట్టుకుని ఉన్న ఆయన తలెత్తి ఎర్రదీపం వెలుగుతున్న కెమెరాని చూశాడు.

“మీ నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా ఇలాగే తీశావా?”

ఆమె కెమెరా దించేసింది.

“చెరిపెయ్యి అది. నేను చూస్తుండగా చెరిపెయ్యి.”

ఆయన చూస్తుండగానే, లోపల వాయించిన పాటతో సహా మొత్తం చెరిపేసింది. ఆయన తలూపి, రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు.

ఇక ఈ సినిమా అయిపోయిందనే అనుకుంది రెనీటా. క్షమాపణ చెబుదామని ఫోన్ తీసి, ఏం చెప్పాలో తోచక పెట్టేసేది. చివరికి ఐడెల్లాయే చేసింది.

“రేపు రా. కెమెరా తెచ్చుకో. వాడు పిలవమన్నాడని చెప్పొద్దన్నాడు, అందుకని చెప్పేస్తున్నా.”

వంటింట్లో కుర్చీ ఒకటి కిటికీ వైపు తిప్పి వేసి ఉంది. పొయ్యి మీద ఆకుకూర ఉడుకుతోంది. వార్డెల్ షరతులు చెప్పాడు.

“నువ్వు ఆ గుమ్మం దాటి ఇటు రాకూడదు. పళ్ళుంటే మాట్లాడతా, లేకపోతే వాయిస్తా. రెండూ కలవవు. అక్కా, ఆ తెర లాగు, కిటికీ అద్దంలో నా మొహం పడుతుంది.”

“పడితే ఏం, అద్దం పగులుద్దా?” అంటూ ఐడెల్లా తెర లాగింది.

ఆయన అటు తిరిగి కూర్చుని, సెట్టు తీసి కప్పులో వేసి, మౌత్ ఆర్గాన్ నోట పెట్టుకున్నాడు. కెమెరాలో కనిపించిందల్లా ముసలి వీపు, మెడ నరాలు, నేలని తడుతున్న మడమ. అడ్డం ఏమీ లేని నోటిలోకి గాలి నిండుగా వెళ్ళింది. స్వరం వంగింది, ఆగింది, మూలిగింది. వీధి మీదుగా వెళ్ళే వంతెన పట్టాల మీద రైలు వస్తే ఆయన వేగం తగ్గించి దాన్ని పోనిచ్చి, తన దారిన తను అందుకున్నాడు. పాట ముగిసే ముందు కుడి భుజం కొంచెం పైకి లేవడం రెనీటా గమనించింది. తర్వాతి పాటలోనూ అంతే.

ఆయన పళ్ళు పెట్టుకున్నాక అడిగింది. “అయిపోయే ముందు నీ భుజం లేస్తుంది, తెలుసా బాబాయ్?”

“నాకేం తెలుసు? మీ నాన్నకి తెలుసు. వాడు నా మొహం చూసి ఎప్పుడు వాయించాడు గనక? ఎప్పుడూ వెనకే కదా. నా చొక్కా ఎక్కడ తడిసిందో చూసి, ఇవాళ వీడు తొందరగా ఆపడు అని పర్విస్‌తో పందెం కాసేవాడు.”

నాన్న డ్రమ్స్ వెనక కూర్చుని అన్నేళ్ళూ చూసింది ఈ వీపునే, అనుకుంది రెనీటా. ఇంకో పాట అడిగింది.

స్టేషన్లో సహోద్యోగి ఆ వీడియో చూసి పెదవి విరిచాడు. “వాయించేవాడి మొహం లేకుండా సినిమా ఏమిటి? బతిమాలి మళ్ళీ తియ్యి.”

“తియ్యను,” అంది.

ఒక ఫిల్మోత్సవం వాళ్ళు అదే కారణం చెప్పి తిప్పి పంపారు. ఇంకో చిన్న ఉత్సవం తీసుకుంది. అంతకంటే ముందు పేటలోని గ్రంథాలయం హాల్లో వేశారు. పర్విస్, బార్ యజమాని, ఐడెల్లా చర్చి స్నేహితురాళ్ళు వచ్చారు. లైట్లు వేశాక కళ్ళద్దాల యువకుడొకడు లేచి వినయంగా అడిగాడు.

“సార్, జనానికి వీపు పెట్టి వాయించడం మీ ప్రాంతపు పాత పద్ధతా?”

వార్డెల్ టోపీ సర్దుకున్నాడు. “అవును బాబూ. మేం పుట్టిన మిసిసిపీలో మావాళ్ళంతా అంతే.”

ఐడెల్లాకి దగ్గు వచ్చింది. పర్విస్ ఆమె వీపు తట్టాల్సి వచ్చింది. రెనీటా నేల చూపులు చూసింది.

ఆయన ఆ సెట్టు సరిచేయించుకున్నాడు గానీ వాయించడానికి మాత్రం వాడడం లేదు. ఆదివారాలు బార్‌లో కుర్చీ పర్విస్ వైపు తిప్పుకుని, జనానికి పక్కకి కూర్చుని వాయిస్తాడు. రెనీటా మరో డాక్యుమెంటరీ తీస్తానని చెప్పినప్పుడు ఆయన పర్విస్‌ని చూపించాడు.

“వీణ్ణి తీసుకో. బెంగ లేదు, వీడికి సిగ్గు లేదు. ఎటునుంచైనా తియ్యి.”