మారుతాళం

శత్రుసైన్యం ఊరు వదిలిపోయి ఏళ్లు గడిచాయి. అయినా ఆ ఊళ్లో ‘మారుతాళం’ అంటే ఇప్పటికీ తిట్టే. సొంతవాళ్లను పరాయివాళ్లకు పట్టించే వెధవ అని అర్థం. ఆ మాటకు కారణమైన మహానుభావుడు మాత్రం తన తాళాల కొట్టులో కాలుమీద కాలేసుకుని కూర్చునే ఉన్నాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. అమ్మిన ప్రతి తాళానికీ మారుతాళం, అంటే ఇంకో తాళంచెవి, చేసి తన దగ్గర ఉంచుకోవడం ఆయన పద్ధతి. అవన్నీ సైనికుల చేతికిచ్చాడు. అందుకే వాళ్లకు ఒక్క తలుపూ బద్దలుకొట్టే పని పడలేదు.

ఇప్పుడు కొట్టు నడిపేది కూతురు. “గుండెల మీద తుపాకీ పెట్టారమ్మా, ఏం చేయను?” అన్న తండ్రి మాట నమ్మి, పిచ్చిది, చిన్నప్పటి నుంచీ ఊరందరితో పోట్లాడుతూనే ఉంది. ఆ ఒక్క మాట మీదే ఆమె తలెత్తుకు తిరుగుతోంది.

ఒకరోజు నిఘంటువు తయారుచేసే మేడమ్ వచ్చింది. ఏ మాట ఎలా పుట్టిందో అడిగి రాసుకుంటుందట.

“మా నాన్నను బలవంతపెట్టారని కూడా రాయండి మేడమ్,” అంది కూతురు ఆకురాయితో తాళంచెవి అరగదీస్తూ.

“మీరే చెప్పండి బాబాయ్ గారూ,” అంది మేడమ్ ముసలాయన వైపు తిరిగి.

వినేవాళ్లు దొరికితే ఆయనకు ఒళ్లు తెలియదు. “బలవంతం సంగతి సరే గానీ, నా పనితనం రాసుకోమ్మా. ఒక్క చెవి ఇరుక్కుంటే ఒట్టు! మా బామ్మర్ది ఇంటి తలుపైతే కిర్రుమని ఊరంతా లేపేది. సైనికులొచ్చే ముందురోజే వెళ్లి, వాడింట్లో టీ తాగి, మడతబందులకు నూనె వేసొచ్చా. మంచం దగ్గరికొచ్చి లేపేదాకా వాడికి మెలకువే రాలేదట!”

అని కిసుక్కున నవ్వాడు కూడా. ఛీ, ఏం మనిషి!

కూతురి చెయ్యి ఆగిపోయింది. ఆ మేనమామ ఆమెను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. వాళ్లు పట్టుకెళ్లాక మళ్లీ తిరిగి రాలేదు.

“ముందురోజా? నూనె వేయమని వాళ్లు చెప్పారా నాన్నా?”

“వాళ్లకేం తెలుసే తాళాల సంగతి? నాకే తట్టింది.”

ఇన్నాళ్లూ ఇలాంటివాడి తరఫునా ఆమె గొంతు చించుకుంది! ఆకురాయి పక్కన పడేసింది.

“మేడమ్, ఇందాక నేను చెప్పింది కొట్టేయండి. మారుతాళం అంటే, అడక్కముందే ఎదురెళ్లి సొంతవాళ్లను పట్టిచ్చేవాడు. అలా రాయండి.”

“అదేంటే!” ముసలాయన నోరెళ్లబెట్టాడు.

మేడమ్ కాస్త తటపటాయించింది. “అర్థం ఎవరు చెప్పారో కూడా రాయాలి. ఎవరని రాయను?”

“కూతురని రాయండి.”