నౌకలో అంట్లు తోమేదెవరు?

గిన్నె తోముతున్న ఆమె చెయ్యి ఠక్కున ఆగింది. హాల్లో టీవీలో కెప్టెన్ నెత్తిన జగ్గుడు నీళ్ళు గుమ్మరించుకుంటున్నాడు. అంతరిక్ష నౌకలో! నక్షత్రాల మధ్య వాడికి కుళాయి ఎవరు బిగించారో!

"ఆ నీళ్ళెక్కడివి అత్తయ్యా?" అంటూ సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"సీరియల్లో నీళ్ళతో నీకేంటమ్మా? ముందు మన కుళాయి కట్టెయ్," అంది అత్తగారు.

ఆ సీరియల్ రాసేది ఆమె భర్తే. మొదటి రెండు సీజన్లూ వంటింటి బల్ల మీదే రాశాడు. ఆమె అంట్లు తోముతూ ఊరుకునేది కాదు. నౌకలో ఇంకా ఎన్ని నీళ్ళున్నాయి? జ్వరమొచ్చిన ఇంజనీరమ్మ బట్టలు ఎవరు ఉతుకుతారు? "నస పెట్టకు" అని విసుక్కునేవాడు, విసుక్కుంటూనే అన్నీ రాసుకునేవాడు. నీళ్ళ ట్యాంకు మీటరు ముల్లు వారం వారం కిందికి దిగుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూశారు. పేరొచ్చింది. పేరుతో పాటు ఆఫీసు గది వచ్చింది, అందులోకి కథ రాయడానికి మరో నలుగురు మగవాళ్ళు చేరారు. తాము తాగిన టీ కప్పులు ఎవరు కడుగుతున్నారో కూడా వాళ్ళకి తెలియదు. అప్పటి నుంచి నౌకలో యుద్ధాలే యుద్ధాలు. ముల్లు మాత్రం ఉన్నట్టుండి పైకెక్కి, నిండుగా చూపిస్తూ అక్కడే ఉండిపోయింది. ఎవరికీ దాహం వెయ్యదు, ఎవరూ ప్లేటు కడగరు. ఇక చూసేవాళ్ళకి భయమెక్కడిది? సీరియల్ చప్పబడిపోయింది ఇందుకన్నమాట! ఆమెకి భలే సంతోషమేసింది.

సాయంత్రం అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు. సోమవారంలోగా మంచి కథ ఇవ్వకపోతే సీరియల్ ఆపేస్తామని చానెల్ వాళ్ళు చెప్పేశారట. మూడేళ్ళ తర్వాత మొదటిసారి వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అప్పట్లో ఏదో ఒకటి అంటుండేదానివిగా. అను, రాసుకుంటా."

కథంతా ఆమె నాలుక చివరే ఉంది. ముల్లు ఇరుక్కుపోయింది! ట్యాంకు నిండుగా ఏమీ లేదు, మూడేళ్ళుగా ముల్లు అబద్ధం చెబుతోంది. ఆ సంగతి నౌకలో గిన్నెలు కడిగే మనిషి ఒక్కతికే తెలుసు. ఎంత బావుంది! ఎగిరి గంతెయ్యాలనిపించింది.

చెప్పబోయి ఆగింది. ఏ సీజన్లోనూ తెర మీద తన పేరు పడలేదు. చేతులు తుడుచుకుని, అతని ముందున్న కాగితాలు తనవైపు లాక్కుంది. 'రచన' అన్న మాట పక్కన తన పేరు రాసుకుంది.

"ఇదేంటి? మరి నేనేం చెయ్యను?"

ఆమె సింకు వైపు చూపించింది.

"తోమండి. తోముతూ మీకేమనిపిస్తే అది అడగండి. నచ్చితే రాసుకుంటాను."